ఇద్దరు పట్టే బండి

వెంకటసుబ్బమ్మకు ఆ కారులో ముందుగా కంటబడింది ఎర్రరంగు కాదు, సీట్లు. రెండంటే రెండే ఉన్నాయి. వెనక ఇంకో మనిషిని కుక్కుదామన్నా చోటు లేదు.

"ఏందిరా నాయనా ఇది?" అంది కొడుకుతో.

"కారుమా. మద్రాసులో కొన్నా. వయసులో ఉన్నప్పుడు షోలవరం పందేల్లో పరిగెత్తిన బండి" అన్నాడు ఆదినారాయణ, కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతూ.

"పరిగెత్తింది సరే. మన మనుషులు యాడ కూచుంటారు?"

"మనుషులు ఎందుకుమా? నేను కూచుంటా. పక్కన ఇంకొకరు."

జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో ఆ రోజుల్లో పార్టీ నడిపే ఇంటి మగవాడు గడప దాటాడంటే ముందొక జీపు, వెనకొక జీపు ఉండాల్సిందే. క్షవరానికి పోయినా అంతే, పెళ్ళికి పోయినా అంతే. అలాంటి ఇంటి కొడుకు ఇద్దరు పట్టే బండి తెచ్చుకున్నాడంటే పార్టీ వదిలేస్తున్నట్టేనని సాయంత్రానికల్లా ఊరు తేల్చేసింది.

ఊరు తేల్చింది నిజమే. ఆదినారాయణ తండ్రిని జమ్మలమడుగులో పట్టపగలు నరికి నాలుగేళ్ళయింది. ఆ మరుసటేడు అవతలి పార్టీ ఇంట్లో, వరసకు వెంకటసుబ్బమ్మకు మేనల్లుడయ్యే నారాయణ తండ్రి హత్యకు గురయ్యాడు. చంపింది ఎవరి మనుషులో కోర్టుకు తప్ప అందరికీ తెలుసు. ఆ వార్త విన్న రోజున తన కడుపు చల్లబడుతుందనుకుంది వెంకటసుబ్బమ్మ. చల్లబడలేదు. ఇక చాలు, రాజీ పడదామని ఆదినారాయణ రెండుసార్లు కబురు పంపితే, ఇప్పుడు ఆ పార్టీ నడుపుతున్న నారాయణ నమ్మలేదు. నమ్మించడానికే కొడుకు ఈ బండి కొన్నాడని ఆమెకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన భయం పోతుందా?

కారు మరమ్మతుకు ప్రొద్దుటూరు చేరింది. అక్కడ వలి బాషాకు షెడ్డు ఉంది. పదిహేనేళ్ళుగా వాళ్ళ జీపులన్నీ అతని చేతి మీదుగానే నడుస్తున్నాయి. రెండోరోజు కొడుక్కి చెప్పకుండా ఆమె అక్కడికి పోయింది. వలి బాషా కారు కింద నుంచి బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ మొదలుపెట్టాడు.

"కొనకముందు నన్ను పిలుచుకోని పోవాల్సింది అక్కా. పాత పందెం బండి కొనేటప్పుడు రంగు చూసి మోసపోకూడదు. ఇదో, ఈ తలుపు కింద అయస్కాంతం అంటుకోల్యా, చూడు. లోపల రేకు తుప్పు పట్టి పోయింది. పైన లప్పం పూసి రంగు కొట్టినారు."

"అయితే పారేద్దామా?"

"పారేసే బండి కాదు. చట్రం గట్టిగుంది. మీవోడేమో ఇంజను ఇంకా జోరు చెయ్యమంటాండు. నేను చెప్పినా. ముందు బ్రేకులు, తర్వాత టైర్లు, ఇంజను మాట వచ్చే సంవత్సరం చూద్దామని. ఆగడం తెలీని బండికి పరుగెందుకు?"

వెంకటసుబ్బమ్మ ఆ మాటలన్నీ విని, తను వచ్చిన పని చెప్పింది. "తలుపుల్లో ఇనుప రేకులు ఎయ్యి బాషా. సీట్ల వెనక కూడా. మా జీపులకు ఏసినంత మందం."

వలి బాషా ముఖం వాడిపోయింది. "జీపు ఎంత మోపినా మోస్తాది అక్కా. ఇది బరువు తట్టుకోదు. స్ప్రింగులు కుంగుతాయి, బ్రేకులు పట్టవు."

"నాకు బండి ముఖ్యం కాదు. పిల్లోడు ముఖ్యం."

"నేనూ పిల్లోని గురించే చెప్తాండా."

ఆమె అతని వైపు ఊరికే చూసింది. ఆ చూపుకు పార్టీ మనుషులే తలలు దించుకునేవాళ్ళు, ఇక వలి బాషా ఎంత? రేకులు వేశాడు. ఆదినారాయణ కూడా తల్లి మాట తీసెయ్యలేక ఊరుకున్నాడు.

మూడు వారాల్లో బండి రూపు మారిపోయింది. తలుపులు జారిపోయి, ఎత్తి మూస్తే గానీ మూతపడేవి కావు. వెనక టైర్లు మడ్గార్డును రాసుకునేవి. ఒక పొద్దున ముద్దనూరు కనుమ దిగుతుంటే ముందు పోతున్న వేరుశనగ లారీ ఉన్నట్టుండి నిలబడింది. ఆదినారాయణ బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు. బండి ఆగలేదు. పక్కకు తిప్పి కంకర కుప్ప మీదికి ఎక్కిస్తే, కొండరాయికి జానెడు దూరంలో ఆగింది. నుదుటి మీద నాలుగు కుట్లతో బయటపడ్డాడు.

ఆ ప్రాంతంలో ఒక రివాజు ఉంది. పార్టీ మనిషి కాలు బెణికినా సరే, అవతలి పార్టీ మీద హత్యాయత్నం కేసు పెడతారు. పోలీసులు వచ్చేసరికి ఇంటి ముందు మనుషులు పోగయ్యారు, నారాయణ పేరు అందరి నోళ్ళలో సిద్ధంగా ఉంది. ఆదినారాయణ మాత్రం, "ఎవురూ ఏం చెయ్యల్యా సార్. బండి బరువెక్కువై బ్రేకు పట్టల్యా. తప్పు నాదే" అన్నాడు.

కొడుకు చెప్పిన ఆ అబద్ధం తల్లి గుండెల్లో దిగబడింది. తప్పు వాడిది కాదు, తనది. ఎవడు ఎక్కణ్ణుంచి బాంబు వేస్తాడోనని నాలుగేళ్ళు కాపలా కాసి, చివరికి కొడుకును తానే చంపుకోబోయింది. ఆ రోజంతా ఆమె ముద్ద ముట్టలేదు.

మరునాడు ఆమె షెడ్డుకు పోతే వలి బాషా తిట్టలేదు. కంకర కుప్ప మీది నుంచి లాక్కొచ్చిన కారులో ఆమెను కూర్చోబెట్టుకుని మైదుకూరు రోడ్డు మీదికి తీసుకుపోయాడు. రోడ్డుకు అడ్డంగా ముగ్గుపిండితో గీత గీశాడు. బండి జోరుగా తోలుకొచ్చి, సరిగ్గా గీత దగ్గర బ్రేకు తొక్కాడు. ఎక్కడ ఆగిందో అక్కడ ఒక రాయి పెట్టాడు. షెడ్డుకు తిరిగొచ్చి రేకులన్నీ విప్పదీశాడు. అదయ్యేదాకా ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుని రెండుసార్లు టీ తాగింది. మళ్ళీ అదే రోడ్డు, అదే జోరు, అదే గీత. ఈసారి బండి ఆగినచోటు నుంచి రాయిదాకా వెంకటసుబ్బమ్మ తనే నడిచి చూసుకుంది. పదమూడు అడుగులు వచ్చాయి.

"ఇన్ని అడుగులా?" అంది.

"అంతే అక్కా. నీ ఇనుము మింగింది అంతే."

"రేకులు పాత సామాన్లోళ్ళకు ఏసెయ్" అంది ఆమె. "ఇంకా ఏమన్నా ఉంటే చెప్పు. ఈసారి వింటా."

ఎన్నాళ్ళకో దొరికిన శిష్యురాలని వలి బాషా సంబరపడిపోయాడు. "మీ జీపులోళ్ళ మాదిరి ఇంజను ఆపకుండా పెట్టొద్దు. నిలబడి తిరిగితే ఇది కాగిపోతాది. పరిగెత్తి వచ్చినాక రెండు నిమిషాలు తిరగనిచ్చి ఆపెయ్యాల. వేడి చూపే ఈ ముల్లు ఎర్రగీత తాకకూడదు. వేడి మీద మళ్ళీ స్టార్టు కావడానికి మొండికేస్తాది. అప్పుడు రెండో గేరులో పెట్టి, క్లచ్చి తొక్కి తోయించు, ఊపు వచ్చినాక క్లచ్చి వదులు. బ్యాటరీ మార్చమని నెల్నించీ చెప్తాండా, మీవోడు వినడంల్యా."

ఇంటికి చేరేసరికి కబురు కాచుకుని ఉంది. పోలీసులకు ఆదినారాయణ చెప్పిన మాట నారాయణ చెవిన పడింది. శనివారం గండి ఆంజనేయస్వామి గుడి దగ్గర కూర్చుని మాట్లాడదామన్నాడు.

శనివారం ఆదినారాయణ బండి తీస్తుంటే రెండో సీటులో ఎవరు కూర్చోవాలని మనుషులు వాదులాడుకున్నారు. వెంకటసుబ్బమ్మ తలుపు తీసుకుని తనే కూర్చుంది. ఆడమనిషి ఉన్న బండి మీద చెయ్యి వెయ్యరని అంటారు. ఆ కట్టుబాటు ఎన్నిసార్లు తప్పిందో ఆమెకు తెలుసు. అయినా కూర్చుంది. బండి పులివెందుల దాటి గండి దారి పట్టింది.

గండిలో నారాయణ జీపులు రెండు ముందే వచ్చి ఉన్నాయి. ఎప్పుడు పారిపోవాల్సి వచ్చినా సిద్ధంగా, ముఖాలు రోడ్డు వైపు తిప్పి, ఇంజన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆదినారాయణ కారు నిలిపాడు కానీ ఇంజను ఆపలేదు. రాజీ అడిగినవాడే, అయినా తాళం తిప్పడానికి చెయ్యి రావడంలేదు. ఆపితే మళ్ళీ స్టార్టు అవుతుందన్న నమ్మకం లేదు. జీపుల పక్కన పదిమంది నిలబడి చూస్తున్నారు. వెంకటసుబ్బమ్మ ముల్లు వైపు చూసింది. ఎర్రగీతకు దగ్గరవుతోంది. ఆమె ఒంట్లో ప్రతి నరమూ ఆపొద్దనే చెప్తోంది.

చెయ్యి చాచి తాళం తిప్పింది. దాన్ని లాగి కొంగున ముడేసుకుని, బండి దిగింది.

నారాయణ ఆ ముడి వైపు చూశాడు, ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, "ఆపండప్పా" అన్నాడు. ఒక జీపు ఆగింది. కాసేపటికి రెండోదీ ఆగింది. అప్పుడు గానీ గుడి పక్కన పాపఘ్ని ఏటి నీళ్ళ చప్పుడు ఎవరికీ వినిపించలేదు.

మాటలు రెండు గంటలు నడిచాయి. కేసులు విత్‌డ్రా చేసుకోవడం, చేలకు దారి, వచ్చే పంచాయతీ ఎన్నికలు, అన్నీ వచ్చాయి. మధ్యలో రెండుసార్లు గొంతులు లేచాయి. చివరికి ఇద్దరూ స్వామి ముందు హారతి మీద చెయ్యి పెట్టారు.

తీరా బయల్దేరదామంటే బండి దగ్గి ఊరుకుంది. ఆదినారాయణ తాళం తిప్పుతాడు, అది మళ్ళీ దగ్గుతుంది. నాలుగోసారికి అదీ మానేసింది. తల్లి కొడుకు వైపు చూసిన చూపులో బ్యాటరీ మాట మొత్తం ఉంది.

"ఏమైందప్పా?" అంటూ నారాయణ వచ్చాడు.

"తొయ్యాల" అంది ఆమె. తోసేవాళ్ళు వీపు వెనక నిలబడాలి. ఏ మనిషికి వీపు చూపకూడదని కొడుక్కి నేర్పిందో, ఆ మనిషి వెనక్కి పోయి రెండు చేతులూ బండి మీద పెట్టాడు. అతని పక్కన ఇంకో ఇద్దరు చేరారు. తలుపుల్లో ఆ ఇనుమే ఉండి ఉంటే పదిమందీ కావలసి వచ్చేది.

ఆదినారాయణ అద్దంలోకి చూస్తూ బిగుసుకుపోయాడు. "ఎనక చూడొద్దు. రెండో గేరులో పెట్టు. క్లచ్చి తొక్కు" అందామె. బండి కదిలింది. "ఆ, ఇప్పుడు వదులు!"

కారు ఒక్క కుదుపు కుదిపి, నల్లటి పొగ కక్కి, గర్జించింది. వెంకటసుబ్బమ్మ తల తిప్పి చూసింది. పొగలో దగ్గుతూ, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నారాయణ నవ్వుతున్నాడు.

"బ్యాటరీ మార్పిచ్చు అత్తా!" అని అరిచాడు. అతను ఆమెను అత్తా అని పిలిచి ఏడేళ్ళయింది.

ఆమెకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపింది.