ఎర్ర బల్బు లేని జీపు

జీపు మీటర్ల పక్కన ఎర్ర లైటు వెలగలేదంటే చార్జింగు బాగున్నట్టేగా, మరి బ్యాటరీ ఎందుకు చచ్చినట్టు, అని దొర్కా బోనెట్ కింద తల దూర్చి తనతో తనే తగువాడుతోంది, వెనక టికిరి సంతలో పసుపు దుంపలు, ఎండు చేపలు, కోళ్ల గోల, జీపు మీది మైకు బాకాలు మాత్రం నోళ్ళు తెరుచుకుని మూగబోయాయి, సంత విడిపోతే కొండ మీదివాళ్ళు మళ్ళీ వారానికిగాని దిగరు, అంబులెన్సు ఎక్కే రోడ్డు కావాలని వాళ్ళంతా ఉండగానే అడగాలి, బీడీఓ ఇవాళే వస్తానన్నాడు, వచ్చి ఏం వింటాడు, కోళ్లనా, బేటరీ పోనాది అక్కా, కొత్తది ఎయ్యాల, అని డ్రైవరు ధనుంజయ అననే అన్నాడు, ఇది వేసి ఎన్నాళ్ళయిందిరా, ఇదీ కొత్తదేగా, నర్సును నేను, రోగి నీరసపడితే రోగిని మార్చేస్తామా, అన్నం ఎవరు పెట్టట్లేదో చూస్తాం, బ్యాటరీ రోగి, ఇంజను తిరిగినంతసేపూ దానికి కరెంటు వండిపెట్టే ఆల్టర్నేటరు వంటమనిషి, ఆ వంటమనిషినే పట్టుకోవాలి.

పసుపు అమ్మేవాళ్ళు నవ్వుతూ జీపుని తోశారు, ఇంజను అందుకుంది, మీటరు పెట్టి చూస్తే పదకొండు వోల్టులు, పధ్నాలుగు రావాల్సింది, పైగా దిగుతోంది, ఇంజను ఆపి బెల్టు నొక్కింది, బిగువుగానే ఉంది, తీగల చివర్లు గీకింది, తళతళలాడుతున్నాయి, అమ్మీ, ఊరికినే గీకకు, అంటున్నాడు గొడుగు కింద కూర్చున్న విజయరత్నం మాస్టారు, రోడ్డు కమిటీ పెద్ద, మొన్న ఆదివారం చర్చిలో బీడీఓతో ఎవరు మాట్లాడాలన్నప్పుడూ ఇదే గొంతు, నువ్వు మాటాడితే ఆపీసర్లు లెగిసిపోతారు, నాను మెత్తగా సెప్తాను, అందరూ సరేనన్నారు, తను కోపంగా బయటికొస్తే వెదురు మీద కొత్త క్రిస్మస్ నక్షత్రం, కరెంటు పోయినా వెలగాలని పాత బ్యాటరీకి తగిలించారు, నడుమ చిట్టి ఎరుపు, ఎంత ముద్దుగా ఉందో, ఎరుపు, అదేంటి, తాళం తిప్పగానే ముందు ఎర్ర లైటు వెలగాలిగా, ఇంజను అందుకున్నాకే ఆరాలిగా, ఇందాక ఆరడం కాదు, అసలు వెలగనే లేదు!

మీటర్ల వెనక్కి వేలు పోనిచ్చింది, ఖాళీ కన్నం, ఎవడు తీసేడ్రా, ధనుంజయ ఆకాశం చూశాడు, మాస్టారు దగ్గాడు, నానే తీసేను అమ్మీ, తాళం తిప్పినప్పుడల్లా కళ్ళలో పొడిసేస్తంది, నచ్చత్రానికి నడిమిన ఎరుపు బాగుంటాదని, అయ్యో మాస్టారూ, ఆల్టర్నేటరుకి మొదటి చుక్క కరెంటు ఆ బల్బులోంచే వెళ్ళాలి, అది లేకపోతే లేవదు, నక్షత్రాన్ని వెలిగించి మైకుని సంపేసేరు, అంది దొర్కా, ముందు మాస్టారే పకపకా నవ్వాడు, తర్వాత సంతంతా నవ్వింది.

స్పీడు మీటరుకి వెలుగిచ్చే బల్బు పీకి ఆ కన్నంలో పెట్టింది, తాళం తిప్పింది, బ్యాటరీ నీరసానికి ఆ తెల్ల బల్బూ ఎర్రటి చుక్కే, తోయండి, తోయండి, ఇంజను గుర్రుమంది, చుక్క ఆరిపోయింది, మీటరు పధ్నాలుగు, మైకు కీచుమంది, కోళ్లు ఎగిరాయి, రోడ్డు మీద బీడీఓ బండి దుమ్ము, మాస్టారు మైకు అందుకుని, ఓసారి ఆ కన్నం వైపు చూసి, మైకు ఆమె చేతిలో పెట్టేశాడు, నువ్వే మొదలెట్టమ్మీ, మెత్తగా తరవాత నాను సెప్తాలే, దొర్కాకి నవ్వాగలేదు, ఆ గోరంత ఎరుపు తప్పు చూపించడానికే ఉందనుకుంది ఇన్నాళ్ళూ, తన నోటి గురించీ అంతే అనుకుంది, కాదు, కళ్ళలో పొడిచే ఆ చుక్కతోనే బండి నిద్ర లేస్తుంది.