గోడ మీది వాన

గురువారం పదకొండు గంటలకు మసేరు బస్సు మా ఊరికి వస్తుంది. టాపు మీద మొక్కజొన్న పిండి బస్తాలు, వాటి మధ్య ‘కొండగాలి’ పత్రిక కట్టలు రెండు. ఆ వేళకి ఫోటోగ్రాఫరు త్లాలి కంబళి కప్పుకుని బస్టాండులో సిద్ధంగా ఉంటాడు. పత్రిక అచ్చయ్యేది రాజధాని మసేరులో అయినా మా కొండల్లో దానికి ఫోటోలు తీసేది అతనొక్కడే. కట్ట విప్పి ముందు తన ఫోటోలు ఎన్ని వేశారో చూసుకుంటాడు. తర్వాత వాటిలో ఎక్కడెక్కడ వాన పడుతోందో చూస్తాడు.

త్లాలి తీసిన ఫోటోలో మనిషి వెనక కనబడే ఆకాశం, తీసిన రోజుది కాదు. మనం చూస్తున్న క్షణంలో ఆ మనిషి ఏ ఆకాశం కింద ఉన్నాడో, అదీ. మంత్రిగారు మా వంతెనకు రిబ్బను కత్తిరించింది మండుటెండలో. పత్రిక మా చేతికొచ్చేసరికి ఆయన ఏ ఊళ్ళో ఉన్నాడో గాని, ఫోటోలో కుండపోత. జనం ‘మంత్రి తడుస్తున్నాడు’ అనుకుని పేజీ తిప్పేస్తారు. కూతుర్ని దూరపు కాలేజీలో వేసిన తల్లి పొద్దున్నే ఫోటో చూసి, మంచు పడుతుంటే బస్సులో ఇంకో కంబళి పంపుతుంది. గనుల్లో పనిచేసే మగవాళ్ళ ఫోటోలు వాళ్ళు కిందికి దిగినంతసేపూ మసిబారినట్టు ఉంటాయి, పైకి రాగానే తేటపడతాయి. అప్పటిదాకా ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు గట్టిగా మాట్లాడరు. పోయినవాళ్ళ వెనక ఆకాశమే ఉండదు, వట్టి తెల్లకాగితం. అందుకే సంపాదకుడు త్లాలి ఫోటో చూడనిదే మా ఊరివాళ్ళ మరణ ప్రకటన వెయ్యడు.

ఇద్దర్ని కలిపి తీసేటప్పుడు మాత్రం త్లాలి ముందే అడుగుతాడు, ఆకాశం ఎవరిది కావాలని. ఫోకస్ ఎవరి మొహం మీద పెడితే ఆకాశం వాళ్ళది. కొత్త దంపతుల మొదటి తగాదా చాలావరకు అతని కెమెరా ముందే జరుగుతుంది.

ఇక మాథూసో సంగతి. మా వాళ్ళలో కోడలు గడపలో అడుగుపెట్టిన రోజే అత్తవారు పుట్టబోయే బిడ్డకు పేరు పెట్టి, ఆమెను ఆ బిడ్డ తల్లిగా పిలవడం మొదలెడతారు. ఆమెకు అలా మాథూసో, అంటే థూసో తల్లి, అనే పేరొచ్చింది. థూసో పుట్టలేదు. పెళ్ళయిన ఏడాదికే మొగుడు మొఖేతి గుర్రాన్ని అమ్మి, ఆ డబ్బుతో సరిహద్దు దాటి గనులకు వెళ్ళాడు. రెండు ఉత్తరాలు రాశాడు. మూడోది రాలేదు. ఇది జరిగి తొమ్మిదేళ్ళు. పేరు మాత్రం ఆమెకు అలాగే ఉండిపోయింది.

ఆమె ఇంట్లో మొఖేతిది ఒక్కటే ఫోటో. గుర్రప్పందెంలో గెలిచిన రోజు త్లాలి పత్రిక కోసం తీసింది. గుర్రం మీద ఠీవిగా కూర్చుని ఉంటాడు. ఆ ఫోటో ఒక్కరోజు కూడా నల్లబడలేదు. అంటే గనిలోకి దిగనే లేదన్నమాట, ఆ ఉత్తరాలు ఎవరిచేతో వేయించిన అబద్ధాలన్నమాట. పైగా అందులో ఎప్పుడూ మా కొండల వాతావరణమే. ఇక్కడ మంచు పడితే అక్కడా మంచే. మొఖేతి ఏ పక్క లోయలోనో ఇంకో ఆడదానితో కాపురం పెట్టాడని ఊరంతా తేల్చేసింది. కొళాయి దగ్గర ఆడవాళ్ళు, “ఏమమ్మా మాథూసో, మీ ఆయన వానలో నానిపోతున్నాడే, లోపలికి పిలవరాదూ?” అని నవ్వేవాళ్ళు. ఆమె బిందె ఎత్తుకుని వెళ్ళిపోయేది. ఇంటికెళ్ళి ఆ కసంతా ఫోటో మీద తీర్చుకునేది.

ఆమె ఉన్ని షెడ్డులో పనిచేస్తుంది. గొర్రె ఉన్నిని రెండు వేళ్ళ మధ్య నలిపి అది ఏ రకమో కళ్ళు మూసుకుని చెప్పేస్తుంది. ఆ జనవరిలో షెడ్డు ఫోటోలకని త్లాలి వెళ్ళినప్పుడు ఆమె ఒక కాగితం చూపించింది. మసేరులో పెద్ద ఉన్ని గిడ్డంగికి ఆమెను పెద్ద పరీక్షకురాలిగా రమ్మంటున్నారు. రెండేళ్ళుగా రమ్మంటూనే ఉన్నారు. ఇదే ఆఖరుసారి, నెలాఖరులోగా జవాబు రాయాలి. ఈసారి కూడా రానని రాయమంది, అతని దస్తూరీ బాగుంటుందని.

“వెళ్ళొచ్చుగా తల్లీ, ఇంకా అతని కోసం కనిపెట్టుకుని ఉన్నావా?” అన్నాడు త్లాలి.

“కనిపెట్టుకునా? భలేవాడివే అన్నా. వాడు ఎప్పుడో ఒకప్పుడు నా గుమ్మం దాకా వస్తాడు. వచ్చిన రోజు తలుపు వాడి మొహాన వెయ్యాలి. నేను మసేరులో ఉంటే ఆ తలుపు ఎవరేస్తారు?”

ఆమె నవ్వలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి ఒక్క తలుపు వెయ్యడం కోసం బతుకంతా పట్టుకు కూర్చుందని త్లాలికి దిగులేసింది. జవాబు రేపు రాద్దామని తప్పించుకున్నాడు.

తర్వాతి మంగళవారం అతను కొండ అవతల నాలుగు గుడిసెల ఊళ్ళో కొత్త కొళాయి ప్రారంభానికి వెళ్ళాడు. ఫోటో తీస్తుండగా, రెండు గంటల వేళ, ఉన్నట్టుండి ఆ దిబ్బ మీద మాత్రం వడగళ్ళు పడ్డాయి. ఫాకో అనే ముసలాయన ఇంటి చూరు కింద అందరూ దూరారు. దొడ్లో కట్టేసిన ఎర్రగుర్రం ఒకటి తల వంచుకుని వడగళ్ళకు ఓర్చుకుంటోంది. ముసలిదైనా కాళ్ళలో ఇంకా సత్తువుందని త్లాలి మెచ్చుకున్నాడు. ముసలాయన పొంగిపోయి, మీ ఊరి మొఖేతి దగ్గరే కొన్నానని, పందెం గెలిచిన గుర్రమని చెప్పాడు. టీ తాగేంతలో వడగళ్ళు ఆగిపోయాయి.

మర్నాడు త్లాలి షెడ్డుకు వెళ్ళేసరికి మాథూసో మొహం వెలిగిపోతోంది. నిన్న పనికి సెలవట. ఫోటో ఎదురుగా కూర్చుని బీన్సు ఏరుతుంటే, సరిగ్గా రెండింటికి మొఖేతి మీద వడగళ్ళు పడ్డాయట. ఊళ్ళో చినుకన్నా లేదు.

“తొమ్మిదేళ్ళకి దొరికాడు. నువ్వు కొండలన్నీ తిరిగే మనిషివి, నిన్న రెండింటికి వడగళ్ళు ఎక్కడ పడ్డాయో కనుక్కుని చెప్పు. వాడు వచ్చేదేంటి, నేనే వెళ్తా.”

ఎక్కడ పడ్డాయో త్లాలికి తెలుసు. తెలిసీ, కనుక్కుంటానని చెప్పి బయటపడ్డాడు. ఆ నాలుగు గుడిసెల్లో ఉన్న ప్రతి మనిషినీ నిన్న అతను వరసగా నిలబెట్టి ఫోటో తీశాడు. మొఖేతి లేడు. మొఖేతికి సంబంధించింది అక్కడ ఒక్కటే ఉంది, దొడ్లో.

ఇంటికి నడుస్తూ ఆ పందెం రోజును గుర్తు చేసుకున్నాడు. మా దేశంలో గుర్రం మీద మనిషి కనిపిస్తే ముందు గుర్రాన్ని చూస్తాం, తర్వాత ఎవరది అని అడుగుతాం. సంపాదకుడు అడిగింది కూడా గెలిచిన గుర్రం ఫోటోనే. త్లాలి ఫోకస్ పెట్టింది గుర్రం నుదుటి మీద. ఎంతమంది దంపతుల్నో అడిగాడు గాని, ఆకాశం నీకా గుర్రానికా అని ఆ రోజు మొఖేతిని అడగాలని తోచలేదు. తర్వాత తొమ్మిదేళ్ళు ఊరిలో ఒక్కరికైనా ఆ అనుమానం రాలేదు. మాథూసో గోడ మీద కురిసిన వానలన్నీ గుర్రం మీద కురిసినవే.

నెగటివులు దాచిన బిస్కెట్ల డబ్బా తీశాడు. ఆ రోజు రీలులో అచ్చుకు పనికిరాదని వదిలేసిన ముక్క ఒకటుంది. గుర్రం దిగి, బహుమతిగా ఇచ్చిన కంబళి భుజాన వేసుకుని, జొన్న బీరు డొప్ప పట్టుకుని మొఖేతి ఒక్కడే నవ్వుతున్నాడు. దాన్ని కాగితం మీదికి దించి, ఆ కాగితాన్ని మందులో ముంచి చూశాడు. ముందు డొప్ప వచ్చింది, తర్వాత కంబళి, పళ్ళు, కళ్ళు. వెనక ఏమీ రాలేదు. కాగితం చెడ్డదేమోనని ఇంకోటి ముంచాడు. అదీ తెల్లగానే ఉంది.

మూసేసిన పాత గనుల్లోకి దొంగచాటుగా దిగేవాళ్ళుంటారు. వాళ్ళ పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు, కూలిపోతే వెతికేవాళ్ళూ ఉండరు. అలాంటిదేదో జరిగి ఉంటుంది. ఎప్పుడు జరిగిందో ఫోటో చెప్పదు.

రెండు రోజులు త్లాలి ఆ ఫోటోను చొక్కాలో పెట్టుకుని తిరిగాడు. ముప్ఫై ఏళ్ళ పేరు పోతుందనే భయం కొంత. అంతకంటే, ఆమెను ఇన్నాళ్ళూ నిలబెట్టింది ఆ కోపమే కదా, అది లాగేస్తే కూలిపోతుందేమోనని. మూడో రోజు మాథూసోయే దారికాచి పట్టుకుంది. ఆ ఊరి పేరు చెప్పకపోతే కొండలన్నీ తానే వెతుకుతానంది. నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. త్లాలి ఆమెను ఉన్ని బస్తాల వెనక్కి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, ఫోటో ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఆమె ఫోటోను వెలుగుకేసి పట్టి ఆ తెలుపును చూసింది. తర్వాత గోడ మీది ఫోటో సంగతి అడిగింది. అతను గుర్రం గురించి చెప్పాడు. తప్పు తనదేనన్నాడు.

“అయితే నేను తొమ్మిదేళ్ళు తిట్టింది గుర్రాన్నా?” అంది. నవ్వొచ్చిందామెకు. నవ్వుతూ నవ్వుతూ కంబళిలో మొహం దాచుకుంది. భుజాలు కదలడం ఆగాక అడిగింది, “ఉత్తరాలు కూడా ఆయనవేనన్నమాట.”

“ఆయనవే తల్లీ.”

“ఆకాశం ఎప్పుడు పోయింది అన్నా? మొదటి ఏడాదా, మొన్నా?”

“తెలీదు.”

“ఒక చలికాలం పిడుగు పడి చావమన్నాను. అప్పటికి ఉన్నాడో లేడో.” వేలి కొనతో ఫోటోలో అతని పళ్ళను తడిమింది. “ఇన్నాళ్ళూ నిన్ను తిట్టడానికే పిలిచాను. ఇప్పుడు ఊరికే పిలుస్తున్నా. మొఖేతీ.”

త్లాలి లేచి అవతలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే అత్తవారి తరఫు ముసలమ్మ వచ్చి ఆమె తల గొరిగి, భుజానికి సంతాపపు నల్లగుడ్డ కట్టింది. కొళాయి దగ్గర ఎకసెక్కాలాడినవాళ్ళే కట్టెలు మోసుకొచ్చి, నాలుగు రోజులు ఆమె పొయ్యి ఆరనివ్వలేదు. వచ్చినవాళ్ళెవరూ గోడకేసి చూడలేదు. నెలాఖరు రోజున మాథూసో గిడ్డంగికి జవాబు రాయించింది, నల్లగుడ్డతో పనికి రావడానికి అభ్యంతరం లేకపోతే వస్తానని. దాంతోపాటే పత్రికలో మరణ ప్రకటన వెయ్యమని త్లాలికి చెప్పింది. ఫోటో కింద నాలుగు మాటలు రాయడం ఆనవాయితీ. చనిపోయినవాడి శౌర్యం, పశువుల మంద, వంశం. ఏం రాయాలని అడిగితే, ఒక రాత్రి గడువు అడిగి, పొద్దున్నే చెప్పింది.

గిడ్డంగి నుంచి సరేనని కబురొచ్చాక, రెండు వారాల తర్వాతి గురువారం ఆమె పెట్టెతో బస్టాండుకు వచ్చింది. త్లాలి కట్ట విప్పి మొదటి పత్రిక ఆమెకే ఇచ్చాడు. ఆమె తెరవకుండానే చంకలో పెట్టుకుని, కిందికెళ్ళే అదే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు మలుపు తిరిగాక మేమంతా ఆ పేజీ తీశాం. తెల్లటి ఆకాశం ముందు మొఖేతి నవ్వుతున్నాడు. కింద అతని పేరు, తర్వాత ఒక్క వాక్యం: ‘ప్రాణముంటే ఇంటికి వచ్చేవాడే.’