మత్తగజానికి గాలి

నేను ఒక టేబుల్ ఫ్యాన్‌ని. పుట్టింది ఏదో రేకుల షెడ్డులో. విజయవాడ సెలూన్లో చాలాకాలం గడ్డాలు గీయించుకునేవాళ్ళకు గాలి పెట్టాను. సెలూన్‌కు ఏసీ రాగానే నా సేవలన్నీ మరిచిపోయి పాత సామాన్ల కొట్లో పడేశారు. అక్కణ్ణించి నన్ను తెచ్చుకున్న మహానుభావుడు పురుషోత్తం గారు.

ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో గుమస్తా. ఇంట్లో మాత్రం ఆన్‌లైన్ చదరంగం పోటీల నిర్వాహకుడు. ఆడేవి కంప్యూటర్ ప్రోగ్రాములు. ఎవరింట్లో కంప్యూటర్‌లో వాళ్ళ ప్రోగ్రాము ఆడుతుంది, మనిషి పావు ముట్టకూడదు. తాను ఆడని ఆటకు అంతగా చెమటలు పట్టే జీవి మనిషి తప్ప మరొకటి లేదు.

ఆయన స్వయంగా రాసిన ప్రోగ్రాము పేరు మత్తగజం. పేరు ఘనమే గాని ఏటా మొదటి రౌండులోనే చతికిలబడేది. పైగా దానికి ఒళ్ళంతా వేడి. అందుకని కంప్యూటర్ మూత ఊడదీసి, నా మెడ బిగించి దాని ఎదుట నిలబెట్టారు.

"ఆ డబ్బాకి పెట్టే గాలి నాక్కాస్త పెట్టకూడదా అండీ?" అని భార్య హైమావతి అడిగితే, "వేడెక్కితే అది ఆగిపోతుంది హైమా. నువ్వు ఆగవుగా!" అన్నారు. ఆవిడ కొంగుతో విసురుకుంటూ వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది.

ఆయనకు నిబంధనలంటే ప్రాణం. కిందటేడు కర్నూలు నుంచి ఫరీదా అనే అమ్మాయి ప్రోగ్రాము, చీమ, గెలుస్తూ ఉండగా వాళ్ళింట్లో కరెంటు పోయింది. మళ్ళీ ఆడనివ్వమని ఆ పిల్ల బతిమాలింది. "మధ్యలో ఆగితే ఓటమే. కారణాలు అనవసరం" అని ఈయన సున్నా చుట్టారు.

ఈ వేసవిలో ఏ దేవుడు కరుణించాడో, మత్తగజం ఫైనల్‌కు చేరింది. ఎదుట అదే చీమ. మత్తగజానికి ఒక ఏనుగు ఎక్కువ, గెలుపు ఖాయం. పురుషోత్తం గారి మొహంలో పెళ్ళికళ.

సరిగ్గా అప్పుడే గుడివాడ నుంచి మామగారు సుబ్బారాయుడు గారు దిగారు, చొక్కా తడిసి ముద్దయి. "రండి మామయ్యా, కూర్చోండి" అంటూనే అల్లుడి చేయి తనంతట తానే నా మెడ పట్టి ఆయన వైపు తిప్పేసింది. ఇంటికొచ్చినవాళ్ళకు గాలి తిప్పని చేయి మా ఊళ్ళో ఉండదు.

మంచినీళ్ళు, ప్రయాణం, మామిడికాయలు... ఇంతలో గాలి అందక డబ్బా వేడెక్కి చప్పున ఆగిపోయింది.

ఫరీదా ఆయన ఫోనుకు సందేశం పంపింది: "కరెంటు పోయిందా సార్?"

టైపు చేసేది పైకి చదువుకోవడం ఈయన అలవాటు. "అవునమ్మా, కరెంటు పోయింది. మళ్ళీ ఆడిద్దాం" అని చదివారు. నేను మాత్రం ఆయన పక్కనే గిర్రున తిరుగుతున్నాను. నా వంక చూశారు. ఎంత చిన్నబోయారో పాపం! కొట్టిందంతా చెరిపేశారు.

"కరెంటు ఉందమ్మా. మత్తగజం ఓడిపోయింది. కిందటేడు నిన్ను నేను మళ్ళీ ఆడనివ్వాల్సింది."

"ఏంటల్లుడూ, ఎవరన్నా పోయారా?" అన్నారు మామగారు కంగారుగా.

"ఏనుగు మామయ్యా."

"అయ్యో! పోన్లే నాయనా. ఈ ఫ్యాను మాత్రం గాలి భలే ఇస్తోందోయ్."

పురుషోత్తం గారు నా మెడ బిగింపు వదులు చేసి అందరివైపూ తిరగనిచ్చి, "హైమా, నువ్వూ వచ్చి కూర్చో" అని పిలిచారు.