రెండుసార్లు వెలిగిన లైట్లు

అసాహికావా శ్మశానం నుంచి తిరిగి వస్తున్నాం. నా భార్య హారుయో ఒళ్లో తెల్లగుడ్డ చుట్టిన పెట్టె, అందులో ఆమె తమ్ముడు త్సునెయో అస్థికలు. నాలుగు రోజుల క్రితం ఇదే రోడ్డు మీద అతని కారు మంచులో జారి లారీ కిందికి పోయింది.

కారు ముప్పైలో నడుపుతున్నాను. టాపు మీద జానెడు మంచు కూడా దులపకుండా, పక్క వరసలోంచి ఒక కారు నా ముందుకు దూరింది. బ్రేకు తొక్కితే మా కారు గిర్రున తిరిగి మంచుగట్టుకు ఆనుకుని ఆగింది. ఆ పెద్దమనిషి వెనక లైట్లు రెండుసార్లు వెలిగించి వెళ్లిపోయాడు. దారి ఇచ్చినవాళ్లకు ఇక్కడ జపాన్‌లో అలాగే థాంక్స్ చెబుతారు.

"నేను దారి ఇచ్చానా? గాడిద."

హారుయో పెట్టె మీంచి చెయ్యి తీయలేదు. "తమ్ముడి ముందు దూరినవాడు కూడా ఇలాగే వెలిగించాడటండీ. వెనకాల వచ్చిన పాలవ్యాను ఆయన చెప్పాడు."

"ఎప్పుడు?"

"వీడు లారీ కిందికి జారుతున్నప్పుడు."

కారును రోడ్డెక్కించాను. సందులోంచి ఎవరిదో కారు వస్తుంటే దారిచ్చి ఆగాను. వెళ్తూ అతను రెండుసార్లు లైట్లు వెలిగించాడు.

అలవాటు కొద్దీ ఇద్దరం బదులు నమస్కారంగా తల వంచాం.