చక్రం మీద చెయ్యి

కాగితం అప్పటికే టైపు చేసి ఉంది. నా సంతకం ఒక్కటే తక్కువ.

"నా ఆదేశం లేకుండా ఆయా జోగమ్మ తన ఇష్టప్రకారం ఆరో బెడ్డు రోగికి గ్లూకోజు వేగం పెంచినది" అని ఉంది అందులో. కింద నా పేరు, కనకరత్నం, స్టాఫ్ నర్సు. నేను సంతకం పెడితే సాయంత్రానికల్లా జోగమ్మ ఉద్యోగం ఊడుతుంది. తొమ్మిదేళ్ళుగా టెంపరరీగానే ఉన్న మనిషి, పొమ్మంటే పోవలసిందే.

"పెట్టవమ్మా, మధ్యాహ్నం లోపల సూపరింటెండెంటు గారికి పంపాలి" అంది మేట్రన్ వెంకటరమణమ్మ గారు.

నేను పెన్ను మూత కూడా తియ్యలేదు. ఒళ్ళు మండిపోతోంది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటే ఇదే.

జరిగింది అంతకు ముందురోజు. ఎనభై ఒకటో సంవత్సరం. పోర్టు పక్కన ఉండే మా ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డుకి నలభై రెండు మంచాలు, షిఫ్టుకి ఒక్కతే సిస్టరు. కిటికీ తీస్తే ఇనప ఖనిజం దుమ్ము దుప్పట్ల మీద ఎర్రగా పేరుకునేది.

ఆరో బెడ్డులో తవిటయ్య ఉన్నాడు. పోర్టులో కలాసీగా చేసి రిటైరైన ముసలాయన, గుండె బలహీనం. ఆయనకి గ్లూకోజు నిమిషానికి పదిహేను చుక్కలు మించకూడదని డాక్టరు గారు రాశారు. నేనే సీసా తగిలించి, గొట్టానికి ఉండే చిన్న చక్రం తిప్పి, చుక్కలు లెక్కపెట్టి సరిచేశాను. ఇంతలో గొలుసులో చెయ్యి నలిగిన కూలీ ఒకణ్ణి మోసుకొచ్చారు. డ్రెస్సింగు గదికి పరుగెత్తుతూ జోగమ్మతో "ఆరో బెడ్డు సీసా చూసుకో" అన్నాను. అంతే చెప్పాను.

ఒకటిన్నరకి తిరిగొచ్చేసరికి సీసా ఖాళీ. తవిటయ్య లేచి కూర్చుని ఎగపోస్తున్నాడు. పెదాలు నల్లబడిపోయాయి. డాక్టరు గారు పరుగున వచ్చారు, ఇంజక్షన్ చేశారు, ఆక్సిజన్ పెట్టించారు. సాయంత్రానికి మనిషి తేరుకున్నాడు. బతికాడు కాబట్టి ఇంత ధీమాగా చెబుతున్నాను. లేకపోతే ఏమైపోయేదాన్నో నాకే తెలియదు.

"ఏం చేశావు జోగమ్మా?" అని వార్డంతా వినబడేలా అరిచాను.

రోజూ యారాడ కొండ దిగి, పడవ మీద పోర్టు ఛానల్ దాటి, ఏడింటికల్లా డ్యూటీలో ఉండే మనిషి ఆవిడ. ఏనాడూ ఎదురు మాట్లాడింది లేదు. ఆ రోజు మాత్రం నా కళ్ళలోకి సూటిగా చూసింది.

"మీరు సేసినట్టే సేసినాను సిస్టరమ్మా. రెండయిపోతంది, సీసా అవ్వనేదు. సెక్రం తిప్పినాను. రోజూ మీరు తిప్పరేటి?"

తిప్పుతాం. సీసా ఎక్కించిన సిస్టరే దించాలన్నది మా వార్డు ఆచారం. రెండింటికి డ్యూటీ మారేటప్పుడు సగం సీసా అప్పగిస్తే వచ్చినావిడ మూతి ముడుస్తుంది. అందుకని ఒంటిగంట దాటాక చక్రం కాస్త వదులు చెయ్యడం అందరికీ అలవాటు. బలం తొందరగా ఎక్కుతోందని రోగులూ సంతోషించేవారు. కుర్రవాళ్ళ గుండెలు తట్టుకున్నాయి, తవిటయ్యది తట్టుకోలేదు. ఆ తేడా నాకు తెలుసు, జోగమ్మకి తెలియదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నాకు ఆ పూట జోగమ్మ లోకువైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"మేడమ్, ఇది అబద్ధం. నేను సంతకం పెట్టను" అన్నాను మేట్రన్ గారితో, బల్ల మీది ఆ టైపు కాగితం చూపించి.

"నీ మంచికే చెబుతున్నా. పెట్టకపోతే మెమో నీకొస్తుంది."

"రానీండి."

"చదువూ సంధ్యా లేనిదాని కోసం నీ ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

"చదువు లేదని తెలిసే కదా మేడమ్, పని చెప్పాను? ఆ పని నాది. పదిహేను చుక్కలని చెప్పలేదు. చక్రం ముట్టుకోవద్దని చెప్పలేదు. ఆయాసం వస్తే పిలవమనీ చెప్పలేదు. ఇప్పుడు జోగమ్మని పంపేస్తే రేపు ఇంకో ఆయాకి ఇదే ముక్క చెప్పి పరుగెడతాను. ఈసారి మనిషి పోతాడు."

మేట్రన్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. నేను ఆ టైపు కాగితం పక్కకి తోసి, తెల్లకాగితం ఒకటి లాక్కుని, నా చేత్తో రాశాను. ఏం చెప్పానో, ఏం చెప్పలేదో అంతా రాశాను. రెండింటికి ముందు సీసాలు ఖాళీ చెయ్యడం ఈ వార్డు అలవాటని, నేనూ చాలాసార్లు చేశానని రాశాను. సంతకం పెట్టి ఆవిడ చేతికే ఇచ్చాను.

మెమో వచ్చింది. జోగమ్మని మాత్రం పంపలేకపోయారు, పంపాలంటే ఆ అలవాటు గురించి సిస్టర్లందరినీ పిలిచి అడగవలసి వస్తుంది. నేనెవరి పేరూ రాయకపోయినా, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అందరూ నాతో మాటలు మానేశారు. మానితే మానారు. నేను జోగమ్మని గోడ గడియారం కింద నిలబెట్టాను.

"సెకన్ల ఎర్రముల్లు పైనుంచి బయల్దేరి మళ్ళీ పైకి వచ్చేలోపల ఎన్ని చుక్కలు పడ్డాయో చెప్పు. లెక్క వచ్చా?"

"అదేటమ్మా అలగంతారు? వల కాడ సేపలు వందలెక్కన లెక్కెట్టినదాన్ని."

"అయితే చూడటం నీది, పిలవడం నీది. చక్రం మీద చెయ్యి నాది. ఎవరైనా సరే సరిగ్గా చెప్పకుండా పని అప్పగిస్తే ఒప్పుకోకు."

ఆవిడ తలూపింది. నా మాట అంత గట్టిగా పట్టుకుంటుందనుకోలేదు.

రెండు నెలల తర్వాత ఒకరోజు మేట్రన్ గారు రౌండ్సుకి వచ్చింది. నేను తొమ్మిదో బెడ్డు దగ్గర కట్టు మారుస్తున్నాను. పద్నాలుగో బెడ్డు సీసా ఆవిడే తగిలించింది. బయట ఎవరో పిలిస్తే, వెళ్తూ వెళ్తూ "జోగమ్మా, ఆ సీసా చూస్తూ ఉండు" అంది.

జోగమ్మ కదల్లేదు.

"ఎన్ని సుక్కలమ్మా?"

"ఏమిటి?"

"నిమిసానికి ఎన్ని సుక్కలు పడాల? ఆయనకి ఏటైతే మిమ్మల్ని పిలవాల? మీరెక్కడుంతారు? సెప్పండి. సెప్పకపోతే నాను సూడను."

మేట్రన్ గారి ముఖం ఎర్రబడింది. తిరిగి నా వైపు చూసింది. నేను చేతిలో ఉన్న గాజుగుడ్డ కత్తిరిస్తూనే ఉన్నాను, తల దించలేదు.

మేట్రన్ గారు వెనక్కి వచ్చింది. జేబుకి గుచ్చుకున్న వాచీ పట్టుకుని, సీసా కింద నిలబడి, నిమిషం పాటు లెక్కపెట్టింది.

"ఇరవై. చలి వచ్చినా, ఒణికినా పిలువు. ఆఫీసు గదిలో ఉంటాను."

"ఇరవై" అంది జోగమ్మ. "సలొచ్చినా, ఒణికినా. ఆపీసు గదిలో."

స్టూలు లాక్కుని, ఎర్రముల్లు కనబడేలా కూర్చుంది.