ఒక్కొక్క స్వరం విడివిడిగా

తడి రేకుల మీద గాలి దొర్లుతున్న చప్పుడు. ఆ రేకుల కింద, అద్దాల గదిలో, వయొలిన్.

ఆమె వాయించేది. అద్దానికి అవతల అన్నయ్య రికార్డు చేసేవాడు.

సినిమా పాటల వెనక వాయించే వయొలిన్లలో ఆమెది ఒకటి. ఎంతమందిలో ఉన్నా అన్నయ్య పోల్చుకునేవాడు. స్వరం ఎత్తుకునే ముందు ఆమె చిన్నగా ఊపిరి తీసుకుంటుంది— నీళ్ళలోకి దూకబోయే పిల్లలా.

"ఆ ఊపిరి తీసెయ్యనా?"

"ఉండనీ అన్నయ్యా. అదీ నేనే."

ఒక వేసవిలో అన్నయ్య అన్నాడు: "రేపు చేతులు వణికితే నీ వాయింపు ఏమైపోవాలి? ఒక్కొక్క స్వరం విడివిడిగా వాయించు. దాచిపెడతాను."

వాయించింది. మెల్లగా, గట్టిగా, ఏడుస్తున్నట్టు, నవ్వుతున్నట్టు. గడ్డం కింద చర్మం కందిపోయింది. అయినా వాయించింది. అడిగింది అన్నయ్య కదా— ఇంకోసారి, ఇంకోసారి...

వానలు పడ్డాయి. స్టూడియో నుంచి పిలుపులు ఆగిపోయాయి.

ఒకరోజు తనే వెళ్ళింది. గదిలో వయొలిన్లు లేవు. కీబోర్డు వాయించేవాడొక్కడే ఉన్నాడు. మీట నొక్కాడు.

ముందు ఊపిరి.

తర్వాత స్వరం.

ఆమె గుమ్మం పట్టుకుంది.

"మీరిక శ్రమపడక్కర్లేదమ్మా," అన్నాడతను, వెటకారం లేకుండానే. "ఈ మీటల్లోనే ఉన్నారుగా. అన్నయ్యగారే తయారుచేసి ఇచ్చారు. ఇప్పుడు అన్ని స్టూడియోల్లోనూ మీరే."

పరాయివాడు దోచుకుంటే కేకలు పెట్టొచ్చు. తోడబుట్టినవాడు పట్టుకుపోతే— ఎవరి వైపు తిరిగి కేక పెట్టాలి?

అద్దానికి అవతలికి వెళ్ళింది. అన్నయ్య ముఖం తిప్పుకోలేదు. తిప్పుకుని ఉంటే బాగుండేది. "కాలం మారిందమ్మా. నేనివ్వకపోతే ఇంకెవరో ఇచ్చేవాళ్ళు," అన్నాడు వైర్లు చుట్టుకుంటూ.

ఆమె వయొలిన్‌ను పెట్టెలో పెట్టేసింది.

బతకాలి కదా. సినిమాలకు చప్పుళ్ళు చేసిపెట్టే పనిలో చేరింది. తెర మీద నాయిక పరిగెడితే, ఎండుటాకుల మీద తను పరిగెత్తింది. పళ్ళెంలో శనగలు కదిపి వాన కురిపించింది. తర్వాత ఇనుప గేట్లకూ వంతెన కడ్డీలకూ చిన్న మైకులు అంటించి, గాలి వాటితో ఏం చెప్పుకుంటుందో వినసాగింది. పిచ్చి పట్టిందన్నారు. ఆ శబ్దాలతోనే కచేరీలు చేస్తే, అన్నవాళ్ళే టిక్కెట్టు కొని వచ్చి కూర్చున్నారు.

మీట నొక్కితే రాని శబ్దాలు. రెండోసారి పుట్టని శబ్దాలు.

తల నెరిశాక, ఒక సాయంత్రం, ఓ పెద్ద హాల్లో ఆమె కచేరీ. మైకులు సర్దడానికి వచ్చినవాడు— అన్నయ్య. అతని పని కూడా ఎప్పుడో యంత్రాల చేతికి పోయింది. దొరికిన చోటల్లా మైకులు సర్దుకుంటున్నాడు.

"ఇవాళ్టిది రికార్డు చేసుకోనా, చెల్లీ?"

 జనం కూర్చున్నాక అతని చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకెళ్ళింది. కుర్చీ వేసింది. మైకును అతని నోటి దగ్గరికి వంచింది. తను దిగి మొదటి వరసలో కూర్చుంది.

"ఎందుకు చేశావో చెప్పు. అదే ఇవాళ్టి కచేరీ."

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"మైకు... ఆన్‌లో ఉందా?"

ఆ ప్రశ్న హాలంతా తిరిగింది.

"ఉందన్నయ్యా."

అతను కుర్చీ అంచు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు.

ఆమె కళ్ళు మూసుకుని వింటోంది...