సంతకం బాబాయి

మా జిరాక్స్ షాపు పోలీస్ స్టేషన్‌కు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పోలీసులు ఎవరి దగ్గరైనా వస్తువు పట్టుకుంటే, ఆ సమయానికి మేమూ అక్కడే ఉండి చూశామని బయటివాళ్లిద్దరు కాగితం మీద సంతకం పెట్టాలి. చట్టం చెప్పేది అదీ. జరిగేది వేరు. హెడ్ కానిస్టేబుల్ ఆ కాగితాన్ని కాపీలు తీయించడానికి నా దగ్గరికి తెస్తాడు. మెషిన్ వేడెక్కేలోపు కింద ఓ సంతకం పడేయమంటాడు. పడేస్తాను. రెండో సంతకం పక్కనున్న సైకిల్ షాపతనిది. పదకొండేళ్లుగా ఇదే తంతు. స్టేషన్లో నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ నేను సంతకం బాబాయినే.

కొన్ని కేసుల్లో కోర్టుకూ వెళ్లాను. అక్కడ మూడు ముక్కలు చెబితే చాలు: వెళ్లాను, చూశాను, సంతకం నాదే. పోలీసులు ఊరికే పట్టుకుంటారా, దొంగవెధవలకు శిక్ష పడితే మంచిదేగా అనుకునేవాణ్ణి. చదివే సంతకాలు పెడుతున్నారా అని మా ఆవిడ ఒకసారి అడిగితే, చదువుతూ కూర్చుంటే షాపు నడిచినట్టే అని కసిరాను. అదీ నా తెలివి.

ఈసారి కేసు ఒక పెయింటర్‌ది. వాచ్‌మన్‌ను పొడిచాడని అభియోగం. అతని గదిలో నీళ్ల డ్రమ్ము వెనక కత్తి దొరికిందని, దొరికినప్పుడు నేను చూశానని కాగితం. ఆ కత్తి తప్ప వేరే రుజువు లేదు. ఏడాదిన్నరగా జైల్లో ఉన్నాడు. నేను సాక్ష్యం చెప్పాల్సిన ముందురోజు హెడ్ కానిస్టేబుల్ షాపుకొచ్చి, తనకు ఇంకో రెండేళ్లే సర్వీసు ఉందని, నోరు జారొద్దని మెత్తగా చెప్పి వెళ్లాడు.

బోనెక్కి ప్రమాణం చేశాను. ఎదురుగా పెయింటర్ నిలబడి ఉన్నాడు. మనిషి పీలగా ఉన్నాడు. నన్ను ఎగాదిగా చూసి, పక్కనున్న కానిస్టేబుల్‌తో ఏదో అన్నాడు. ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది.

"ఈయనెవరు సార్?"

అతని గదిలో అతని ముందే నిలబడి చూశానని చెప్పాల్సినవాణ్ణి. అతను నన్ను జన్మలో చూడలేదు.

ఆ మూడు ముక్కలూ చెప్పలేదు. ఆ గదికి నేను వెళ్లలేదని చెప్పాను. సర్కారు వకీలు కంగారుపడి, సాక్షి ఎదురు తిరిగాడని లేచాడు. జడ్జిగారు ఆయన్ను కూర్చోమని, సంతకం ఎవరిదని నన్ను అడిగారు. నాదే, షాపులోనే పెట్టాను అన్నాను. చూడకుండానా అన్నారు. చూడకుండానే అన్నాను. అబద్ధపు సాక్ష్యానికి శిక్ష ఉంటుందని హెచ్చరించి, నా మాటలన్నీ పొల్లుపోకుండా రాయించారు. నేను భయపడ్డాను, నిజమే. కానీ బోను దిగుతుంటే ఏదో ఘనకార్యం చేసినట్టు కూడా అనిపించింది. దాచడమెందుకు.

వరండాలోకి రాగానే కోర్టులో ఊడ్చే ఆవిడ ఎదురొచ్చింది. ఆవిణ్ణి ఎన్నోసార్లు చూశాను గానీ పలకరించింది లేదు. చీపురు గోడకు ఆనించి, తలుపు దగ్గర నిలబడి అంతా విన్నానంది. తన కొడుకుది దారిదోపిడీ కేసట. అతని సంచిలో గొలుసు దొరికిందని సాక్ష్యం చెప్పింది నేనేనట. ఏడేళ్లు శిక్ష పడింది, ఆరేళ్లు గడిచాయి.

"ఆ గొలుసు మీరు చూశారా బాబూ?"

నాకు ఆ కేసు గుర్తు కూడా లేదు. కానీ జవాబు తెలుసు. పదకొండేళ్లలో నేను ఎక్కడికీ వెళ్లింది లేదు, దేన్నీ చూసింది లేదు.

"చూడలేదమ్మా."

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి. ఆవిడ స్తంభం పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది.

"వాడు నా కాళ్లు పట్టుకుని చెప్పాడు, నేను తియ్యలేదమ్మా అని. ఇరవయ్యేళ్లుగా ఇక్కడే ఊడుస్తున్నాను. ఇక్కడ ప్రమాణం చేసి చెప్పింది అబద్ధం ఎందుకవుతుందనుకున్నాను. మీ మాట నమ్మి వాణ్ణి తోసేశాను. ఆరేళ్లలో ఒక్కసారి కూడా చూడ్డానికి వెళ్లలేదు."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. వెంటనే లోపలికి వెళ్లి, ఇంకో కేసులోనూ నిజం చెప్పాలని గుమాస్తాను అడిగాను. అతను తల ఎత్తకుండానే, ఆ కేసు ఎప్పుడో ముగిసిందని, వకీలును పెట్టుకుని పై కోర్టులో అర్జీ వేసుకోమని చెప్పాడు. బయటికొచ్చి అదే ఆవిడతో చెప్పాను. అర్జీకి నేను సంతకం పెడతానన్నాను. ఆ మాట అన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది. రేపు జైలుకు నేనూ వస్తానని, అబద్ధం చెప్పింది నేనేనని మీ అబ్బాయి ముందే ఒప్పుకుంటానని బతిమాలాను.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"మీరు తర్వాత రండి బాబూ. ముందు నేను వాడి కాళ్లు పట్టుకోవాలి."